తాగని నీళ్ల రుచి

మా ఇంటి పై వాటాలో కిరాయికి ఉన్నవాళ్ల అమ్మాయికి పరీక్షలు దగ్గరపడ్డాయి. తెల్లారకముందే లేచి, చెప్పులు వేసుకుని, ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూ పాఠం పైకి చదువుతుంది. నా మంచం సరిగ్గా ఆ కిందనే ఉంటుంది. టపటపమని చెప్పుల చప్పుడు, దాని వెంట ఆగకుండా సాగే గొంతు. ఒక వాక్యం దగ్గర ఆ పిల్ల రోజూ తప్పు చదువుతుంది. రోజూ అదే తప్పు, అదే ధీమా. అది విన్నాక నాకు మంచం మీద ఉండబుద్ధి కాదు. లేచి నేనూ కింద గదిలో తిరగడం మొదలుపెడతాను. మొన్న మా ఆవిడ చూసి, "పైన పొల్లకు పరీక్షలు సరే, కింద మీకేమొచ్చింది?" అని అడిగింది. ఏం చెప్పను? ఈ నడక నాకు అంటించిపోయిన మనిషిని ఆమె చూడలేదు. పాఠంలా అప్పజెప్పే మాట చెవినపడితే నాకెందుకు కాలు నిలవదో చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

ఖాదర్ సాబ్ నల్లగొండలో వకీలు. ఆయన ఒకచోట కూర్చోగా చూసినవాళ్లు తక్కువ. ఇంటి ముందు షాబాదు బండలు పరిచిన పొడుగాటి వసారా ఉండేది. కేసు ఎంత పెద్దదైనా అందులో నడుస్తూనే వినేవారు, నడుస్తూనే ఆలోచించేవారు. వచ్చిన కక్షిదారు కూడా పక్కన నడవాల్సిందే. ముసలివాళ్లయితే నాలుగు చుట్లకే ఆయాసపడి, డొంకతిరుగుడు మాని అసలు సంగతికి వచ్చేసేవారు. "కూసుంటే మనిషి కథ చెప్తడు రెడ్డీ, నడిస్తే సంగతి చెప్తడు" అనేవారు నాతో. అది ఎంతవరకు నిజమో గానీ, ఆయన దగ్గర పనిచేసిన కాలంలో నా చెప్పులు అరిగినంతగా మరెప్పుడూ అరగలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పాన్‌తో పండిన నోరు, మెడ దాకా గుండీలు పెట్టిన నల్ల షేర్వానీ. కోపం ముక్కు మీద ఉండేది. తప్పు మాట్లాడితే అరిచేవారు, తప్పు ఒప్పుకుంటే ఇంకా అరిచేవారు. "అంత జల్ది ఎందుకు ఒప్పుకున్నవు? నేను అరిచిననా?" అని నిలదీసేవారు. అది వేళాకోళమని చాలాకాలం అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

నేను వకాలత్ పాసై వచ్చేనాటికి పోలీసు యాక్షన్ అయిపోయి ఏడాది దాటింది. నిజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు. ఊళ్లలో మాత్రం కమ్యూనిస్టు సంఘపోళ్లకూ బయటి నుంచి వచ్చిన పోలీసులకూ మధ్య పోరు ఆగలేదు. ఖాదర్ సాబ్ గుమ్మం ఒకప్పుడు బండ్లతో కిటకిటలాడేదట. నేను వచ్చేనాటికి ఆ ఇంటి ముందు ఆగాలంటేనే జనం జంకేవారు. యాక్షన్ తర్వాత ఆయన్ను కూడా పట్టుకుపోయి కొన్ని వారాలు క్యాంపులో ఉంచి వదిలారు. ఆయన దగ్గర చేరతానంటే మా నాయన తల పట్టుకున్నాడు. చెరువు నిండితే కప్పలు చేరడం లోకమంతా చూసింది, ఎండిన చెరువులోకి దూకే కప్పను నిన్నే చూస్తున్నాను అన్నాడు. నాకేం గొప్ప ఆదర్శం లేదు. మిగతా వకీళ్ల దగ్గర అల్లుళ్లూ మేనల్లుళ్లూ అప్పటికే నిండిపోయారు. ఖాళీ ఉన్నది ఈ వసారాలోనే.

ఎల్లమ్మ వచ్చింది ఆ చలికాలంలోనే. కృష్ణ వైపు పోయే దారిలో ఒక ఊరు ఆమెది. ఊరి పేరు రాయను, అక్కడి వాళ్ల మనుమలు ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. మాదిగ ఇంటి మనిషి. ముప్పై ఏళ్లుంటాయేమో. వసారా మెట్టు కిందనే కూర్చుంది. పైకి రమ్మంటే రాలేదు. ఖాదర్ సాబ్ తానే మెట్లు దిగి ఆమె ముందు అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు. ఆమె భర్త మైసయ్య పటేలు ఇంట్లో జీతగాడు. ఆ ఊరి పట్వారీ సంఘానికి భయపడి పట్నం పారిపోయి, పోలీసు క్యాంపు పడ్డాక తిరిగొచ్చాడు. వచ్చిన కొద్దిరోజులకే, ఒకనాడు బాగా చీకటిపడ్డాక పటేలు ఇంటి పక్క చేదబావి దగ్గర ఆ పట్వారీని ఎవరో నరికేశారు. అది దళం పనేనని ఊరంతా గుసగుసలాడింది. అడవిలోకి పోయిన దళాన్ని పట్టడం కష్టం, గుడిసెలో ఉన్న మైసయ్యను పట్టడం సులువు. క్యాంపుకు తీసుకుపోయారు. పది పన్నెండు రోజులకు మైసయ్య మెజిస్ట్రేటు ముందు నిలబడి, చంపింది నేనేనని చెప్పాడు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, మెజిస్ట్రేటు దగ్గర ఒప్పుకుంటే చెల్లుతుంది. అందుకే అక్కడికి తీసుకుపోయేలోగా మాట పక్కాగా వచ్చేలా చూసుకునేవారు. ఇక మిగిలింది ఉరి.

ఎల్లమ్మ ఏడవలేదు. ఆమె ముఖంలో ఉన్నది కోపం, అదీ మొగుడి మీద. "ఊరోళ్లు చెప్పినా, పోలీసోళ్లు చెప్పినా నేను ఫికర్ జెయ్య సాబూ. గాయినే చెప్తాండు. గదే నాకు సమజైతలేదు" అంది. హత్య జరిగిన సాయంత్రం అతను కల్లు తాగొచ్చి గుడిసె ముందు పడి నిద్రపోయాడు. ఆమె తిట్టుకుంటూనే గొంగడి కప్పింది. పట్వారీ చచ్చాడని కేకలు వినిపించినప్పుడు లేపబోతే కూడా లేవలేదు. జైలుకు పోయి ఇదంతా గుర్తుచేస్తే, నిద్రపోయింది నువ్వు, నేను లేచి పోయిన, నీకు తెల్వదు అని ఆమెనే కసిరాడట. కొట్టారా అని అడిగారు ఖాదర్ సాబ్. మొదట్లో కొట్టారనీ, తర్వాత కొట్టలేదనీ చెప్పింది. "తర్వాత కొట్టలేదు" అనే మాట దగ్గర ఆయన నడక ఆగింది. ఆ మాటకెందుకు ఆగారో అప్పుడు నాకు అర్థం కాలేదు.

జైల్లో మైసయ్యను చూశాం. బక్కగా, వంగిన భుజాలతో ఉన్నాడు. చెప్పమనగానే చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు. గొడ్డలి ఎక్కడ తీసుకున్నదీ, పట్వారీ ఏ దిక్కు నుంచి వచ్చిందీ, ఎన్ని వేట్లు వేసిందీ, ఎక్కడా తడబాటు లేదు. మధ్యలో "పిమ్మట" అన్నాడు. ఆ మాట మా దిక్కు జీతగాడి నోట నేనెప్పుడూ వినలేదు. ఖాదర్ సాబ్ ఇంకోసారి చెప్పమన్నారు. మళ్లీ అవే మాటలు, అదే వరస, అదే చోట ఊపిరి. మూడోసారి చెబుతున్నప్పుడు ఒకచోట మాత్రం గొంతు మారింది. నరికిన తర్వాత పటేలు బావి మీదికి పోయి, బొక్కెనతో నీళ్లు చేది, గొడ్డలి కడిగి, కడుపునిండా తాగానని చెప్పేటప్పుడు కట్టుకున్న చేతులు విడిపోయాయి. నీళ్లెట్లున్నయి మైసయ్యా అని మెల్లగా అడిగారు ఖాదర్ సాబ్. "సల్లగున్నయి సాబూ. మా గూడెం బాయి నీళ్లు ఉప్పుగుంటయి. గవి తియ్యగున్నయి" అన్నాడు. తాడు అరచేతిలో ఒరుసుకుని మండిందని చెయ్యి చూపించాడు. మేం వచ్చినప్పటి నుంచి ఆ ముఖంలో లేని వెలుగు అప్పుడు కనిపించింది.

నేనూ పల్లెటూరి వాణ్నే. మా ఇంటి ముందూ అలాంటి చేదబావి ఉండేది. గూడెం వాళ్లు కుండలు పట్టుకుని బావి గచ్చు కింద నిలబడేవారు. పైవాళ్లెవరో దయతలచి చేది, ఎత్తు నుంచి పోసేవారు. దాహమైతే దోసిలి పట్టి తాగేవారు. తాడు ముట్టుకోవడం మాట అటుంచి, గచ్చు మీద కాలు పెట్టినవాణ్ని కూడా నా చిన్నతనంలో చూడలేదు. ఆ ఒప్పుకోలు రాయించిన అమీను, అంటే క్యాంపు పోలీసు అధికారి, మరో సీమ నుంచి వచ్చినవాడు. గచ్చు మీద నెత్తుటి మరకలున్నాయి కాబట్టి హంతకుడు అక్కడ కడుక్కుని ఉంటాడని లెక్కవేసి, ఆ ముక్క కథలో కలిపాడు. ఆ ఊళ్లో పుట్టినవాడెవడూ అలాంటి పొరపాటు చెయ్యడు. జైలు దాటగానే నేను ఉబ్బితబ్బిబ్బయిపోయాను. దొరికింది సాబ్, ఈ ఒక్క మాటతో కేసు కూలిపోతుంది అన్నాను. ఆయన సంతోషించలేదు. గుట్ట వైపు పోయే దారి పట్టి, నేను పరుగు పెట్టాల్సినంత వేగంగా నడవసాగారు.

ఆ నడకలోనే తన సంగతి చెప్పారు. క్యాంపులో ఆయన్నెవరూ కొట్టలేదు. ఒక రజాకారు నాయకుడు నీ ఇంట్లో భోజనం చేశాడు కదా అని అడిగారు, అంతే. లేదన్నారు. మళ్లీ అడిగారు. ఒకడు పోతే ఒకడు వచ్చి, కునుకు తియ్యనివ్వకుండా, అదే ప్రశ్న అడిగారు. ఆయన ఇంట్లో దస్తర్ఖాన్ పరిచారంటే తెలిసినవాడూ తెలియనివాడూ కూర్చుని తినేవాడు. ఎవరెవరు తిన్నారో ఎవరికి గుర్తు? "మొదలు లేదన్న. తర్వాత యాదికి లేదన్న. యాదికి లేదు అన్నవంటే తలుపు సగం తెరిసినట్టే రెడ్డీ" అన్నారు. ఆ సగం తలుపులోంచి కొన్నాళ్లకు ఒక చెయ్యి కనిపించిందట. రొట్టె తుంచుతున్న చెయ్యి, వేలికి ఎర్రరాయి ఉంగరం. అదుగో, తిన్నాడు అనుకున్నారు. సంతకం చేశారు. వెంటనే పడుకోనిచ్చారు. అంత హాయైన నిద్ర జన్మలో పోలేదన్నారు. బయటికొచ్చాక ఇంట్లో అందర్నీ అడిగితే, అలాంటివాడెవడూ గడప తొక్కలేదని చెప్పారు. "వాళ్లు చెప్పింది నిజమే. కని నాకు ఇప్పటికీ చెయ్యి కనపడ్తది."

మైసయ్యకు ఏం జరిగిందో కూడా ఆయన అప్పుడే విప్పి చెప్పారు. కొట్టినన్నాళ్లు మైసయ్య లేదనే అన్నాడు. దెబ్బలకు అలవాటు పడ్డ ఒళ్లది. తర్వాత అమీను కొట్టడం ఆపి పక్కన కూర్చున్నాడు, బీడీ ఇచ్చాడు. కల్లు తాగి ఉన్నావు కాబట్టి నీకు గుర్తులేదు, జరిగింది మేం చెబుతాం విను అన్నాడు. అన్నిటికన్నా పెద్ద సంగతి, పుట్టినప్పటి నుంచి "మైసిగా" అని తప్ప పిలిపించుకోనివాణ్ని "మైసయ్యా" అని పిలిచాడు. ఈ ముక్క మైసయ్యే మురిపెంగా మాకు చెప్పాడు. దెబ్బకు విరగనివాడు ఆ పిలుపుకు కరిగిపోయాడు. నాకు అమీను మీద కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువగా, అతనికంటే ముందు అలా పిలవని మా అందరి మీదా వచ్చింది.

వారం తిరక్కముందే ఆ ఊరికి పోయాం. మాకు కావాల్సింది ఒక్క మాట: మైసయ్య కులంవాడు ఆ బావి ముట్టుకోడని ఊరి పెద్దలు కోర్టులో చెప్పాలి. పటేలు మర్యాదగానే కూర్చోబెట్టాడు. నాకు ఇత్తడి చెంబులో మజ్జిగ వచ్చింది. ఖాదర్ సాబ్‌కు చూరులో విడిగా దోపి ఉంచిన గాజుగ్లాసు దించి, అందులో పోశారు. అక్కడి నుంచే బావి కనిపిస్తోంది. గచ్చు కింద నలుగురు ఆడవాళ్లు ఖాళీ కుండలతో ఎవరైనా వచ్చి పోస్తారని నిలబడి ఉన్నారు. ఖాదర్ సాబ్ అడగాల్సింది అడిగారు. పటేలు మీసం దువ్వుకుని నా వైపు చూశాడు. "గియ్యన్ని పాతకాలం ముచ్చట్లు. ఇప్పుడు కొత్త రాజ్యాంగం వచ్చె. అంటు ముట్టు అంటే జేల్ల ఏస్తరట. మా ఊర్ల అందరం ఒక్కటే" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఆ ఆడవాళ్లు ఇంకా నిలబడే ఉన్నారు. నేను అటు చెయ్యి చూపబోతే ఖాదర్ సాబ్ నా మోచెయ్యి నొక్కారు. లేచి వస్తుంటే పటేలు నన్ను పక్కకు పిలిచి, ఒకడు పోతే పోయాడు, క్యాంపు ఎత్తేస్తారు, ఊరు చల్లబడుతుంది, మనవాడివి నీకు ఆ మాత్రం తెలియదా అన్నాడు. మైసయ్య అతని ఇంట్లో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాడు.

ఇక మిగిలింది మైసయ్యే. తాను ఆ బావిని ఎన్నడూ ముట్టలేదని అతని నోటితోనే చెప్పించాలి. మళ్లీ జైలుకు పోయాం. ఈసారి నేనే మొదలుపెట్టాను. ఆ ఊళ్లో మీవాళ్లెవరైనా గచ్చు ఎక్కారా, నీ తండ్రి ఎక్కాడా, నువ్వెలా ఎక్కుతావు, సరిగా గుర్తుచేసుకో, కల్లు మత్తులో కలగన్నావేమో అని ఊపిరి సలపనివ్వకుండా అడిగాను. అతని ముఖంలో వెలుగు తగ్గిపోతోంది. ఇంకాస్త నొక్కితే లొంగుతాడని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి రెండు చేతులూ జోడించాడు. "దొరా, గొడ్డలి గాదనున్రి, పట్వారి గాదనున్రి, ఏమన్న అనున్రి. గా నీళ్లొక్కటి తియ్యకున్రి" అన్నాడు. నేను మళ్లీ నోరు తెరవబోయాను. ఖాదర్ సాబ్ అడ్డం వచ్చారు.

"ఆపు రెడ్డీ. అమీను గూడ గిట్లనే అడిగిండు" అన్నారు.

అంత మెల్లగా ఆయన మాట్లాడటం నేను విన్నది అదొక్కసారే. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఒకడు తన పని కోసం ఆ తలలోకి ఒక జ్ఞాపకాన్ని ఎక్కించాడు. దాన్ని దింపబోతున్న నేను కూడా అదే నిచ్చెన వేశాను. మరి ప్రాణం ఎలా కాపాడాలి సాబ్ అని బయటికొచ్చాక గొడవపడ్డాను. ప్రాణం పోయాక నీళ్లెందుకు అన్నాను. వాదనలో నాదే పైచెయ్యి. ఆయన జైలు గోడ వెంట అటూ ఇటూ తిరిగారు. గోడ నీడలో ఎల్లమ్మ కూర్చుని ఉంది. ఆమెను చూసి, పట్వారీ చచ్చిన వేళకు బావి దగ్గర ఎవరెవరుంటారు అని అడిగారు. ఎవరుంటారు, పొద్దుగూకితే తాడూ బొక్కెనా ఇంట్లోకి తీసుకుపోతారు కదా, లేకపోతే చీకట్లో మావాళ్లు తోడుకుంటారని వాళ్ల భయం అంది ఎల్లమ్మ. అందరికీ తెలిసిన సంగతేనన్నట్టు చెప్పింది. ఖాదర్ సాబ్ ఆగిపోయారు. తాడు లేని బావిలోంచి మైసయ్యే కాదు, ఎవడూ నీళ్లు చేదలేడు. అయితే ఇది కూడా ఊళ్లో ఒక్కరూ కోర్టులో ఒప్పుకోరు. ఒప్పుకుంటే, ఎందుకు లోపలికి తీసుకుపోతున్నారనే ప్రశ్న వస్తుంది.

జడ్జి ఆంధ్ర ప్రాంతం నుంచి కొత్తగా వచ్చినవాడు. నెమ్మదస్తుడు. జరిగిన చోటును స్వయంగా చూడాలని ఖాదర్ సాబ్ దరఖాస్తు పెట్టుకుంటే సరేనన్నాడు. ఉదయం పోదామంటే, ఎండ దిగాక అయితే బాగుంటుందని ఖాదర్ సాబ్ బతిమాలారు. ఆ రోజు ఊరంతా బావి చుట్టూ చేరింది. మైసయ్యను బేడీలతో తెచ్చారు. ఖాదర్ సాబ్ ఆ సాయంత్రం చేసినంత కాలయాపన నేనెక్కడా చూడలేదు. పట్వారీ వచ్చిన దారి చూపించమన్నారు, అది నడిచి చూశారు, వెనక్కి నడిచి చూశారు. సర్కారు వకీలు విసుక్కున్నాడు. పొద్దు వాలుతోంది. చివరికి జడ్జి బేడీలు తీయించి, నీళ్లెలా చేదావో చూపించమని మైసయ్యతో అన్నాడు.

మైసయ్య కదిలాడు. గచ్చు అంచు దాకా పోయి ఆగాడు. పటేలు నవ్వుతూ, ఎక్కరా ఏం కాదు, ముట్టుకో అని ముందుకొచ్చి ధైర్యం చెప్పాడు. మైసయ్య ఒక కాలు ఎత్తి మళ్లీ కిందనే పెట్టాడు. బావిలోకి చూశాడు, తాడు వైపు చూశాడు. అతనికి ఎక్కాలనే ఉంది, ఆ కాళ్లు ఎక్కనివ్వలేదు. కాసేపటికి, తనకు తెలియకుండానే అనుకుంటాను, గచ్చు కింద గొంతుకూర్చుని దోసిలి పట్టాడు. సర్కారు వకీలు వెంటనే, ఇంతమందిని చూసి బెదిరాడు, చీకట్లో ఒంటరిగా బెదురెందుకుంటుంది అన్నాడు. ఆ మాట కూడా కొట్టిపారేయలేనిదే. జడ్జి గడియారం చూసుకుని జీపు వైపు తిరిగాడు.

అప్పుడు పటేలు ఇంట్లోంచి అతని తల్లి వచ్చింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. కేసులూ కోర్టులూ ఆమెకు పట్టవు. జనాన్ని మోచేతితో తోసుకుంటూ గచ్చు ఎక్కి, గిలక మీది తాడు లాగి చుట్టచుట్టి భుజాన వేసుకుని, బొక్కెన చేతపట్టుకుని ఇంటి వైపు తిరిగింది. పటేలు "అమ్మా" అని పిలిచాడు గానీ ఆమెకు వినపడలేదు. ఖాదర్ సాబ్ ఎదురుపోయి, ఎందుకవ్వా తీసుకపోతున్నవు అని అడిగారు. ఇదేం పిచ్చి ప్రశ్న అన్నట్టు ఆయన్ను ఎగాదిగా చూసింది.

"పొద్దుగూకినంక తాడు బయట ఉంచుతమా నాయినా? గూడెపోళ్లు ముట్టుకోరా?"

రోజూ తీసుకుపోతావా అని జడ్జే అడిగాడు. కాపురానికొచ్చిన కాన్నుంచి ఒక్కనాడు మరవలేదని ఆమె చెప్పింది. పట్వారీ చచ్చిన రోజు కూడా తాడు లోపల పెట్టి, దీపం ముట్టించిన చాలాసేపటికి కేకలు విన్నానని అడగకుండానే చెప్పింది. జడ్జి ఆమెతో ఒక్కొక్క మాటా మళ్లీ చెప్పించుకుని అక్కడికక్కడే రాసుకున్నాడు. నేను ఆనందం పట్టలేక మైసయ్య వైపు చూశాను. అతను ఇంకా కిందనే కూర్చుని ఉన్నాడు. దోసిలి విడిపోయింది. "గా దినం గూడ తాడు లేదా సాబూ?" అని ఖాదర్ సాబ్‌ను అడిగాడు. ఆయన ముఖం తిప్పుకున్నారు. ప్రాణం దక్కినవాడి ముఖం అలా ఉంటుందని నేను అనుకోలేదు.

ఒప్పుకోలు నమ్మదగింది కాదని జడ్జి దాన్ని పక్కన పెట్టాడు. అది తప్ప వేరే సాక్ష్యం లేదు. మైసయ్య విడుదలయ్యాడు. ఎల్లమ్మ అతన్ని తీసుకుని నేరుగా మా వసారాకు వచ్చింది. ఆమె సంతోషం కూడా కసురుకోవడంలోనే ఉంది. ఇక కల్లు ముడితే నేనే నరుకుతానని అందరి ముందూ చెప్పింది. మైసయ్య మెట్టు కిందనే నిలబడ్డాడు. ఖాదర్ సాబ్ అతన్ని చాలాసేపు చూశారు. తర్వాత చెయ్యి పట్టుకుని ఇంటి వెనక పెరట్లోకి నడిపించారు. అక్కడ వాళ్ల చేదబావి ఉంది. తాడు అతని చేతికిచ్చి, "చేదుకో మైసయ్యా" అన్నారు. మైసయ్య వెనక్కి జరిగాడు. ఆయన బలవంతపెట్టలేదు. దూరంగా పోయి, వీపు తిప్పి, జామచెట్టు దాకా పోతూ వస్తూ తిరగసాగారు. ఎంతసేపు తిరిగారో. చివరికి గిలక కిరకిరమంది. మైసయ్య బొక్కెన పైకి లాగి, ఒంచుకుని, గుక్క తిప్పుకోకుండా తాగాడు. మీసాలు తుడుచుకున్నాడు. మంచిగున్నయా అని ఖాదర్ సాబ్ అడిగారు.

"మంచిగున్నయి సాబూ" అని, బొక్కెనలోకి చూసి, మెల్లగా అన్నాడు. "గా నీళ్లసొంటియి గావు."

ఎల్లమ్మ, తాగింది చాలు, బండెల్లిపోతది అని అతన్ని లాక్కుపోయింది. ఖాదర్ సాబ్ బావి గట్టు మీద కూర్చుండిపోయారు. ఆయన దగ్గరున్నన్నాళ్లలో ఆయన అంతసేపు కదలకుండా కూర్చోవడం నేను మరెప్పుడూ చూడలేదు.

తర్వాత ఆయన చాలాకాలం బతికారు. క్యాంపులో చేసిన ఆ సంతకంతో ఆయన మీద పెట్టిన కేసు విచారణకు రాకుండానే వీగిపోయింది. నేను మున్సిఫు మెజిస్ట్రేటునై ఊళ్లు తిరుగుతూ, సెలవుల్లో పోయి చూసేవాణ్ని. ఒకసారి క్యాంపు మాటొచ్చి, ఆ చేతికి పచ్చరాయి ఉంగరం అన్నారు. అప్పట్లో ఎర్రరాయి అన్నారు కదా సాబ్ అన్నాను. ఆయన నడుస్తున్నవారల్లా ఆగి, పడీపడీ నవ్వారు. నవ్వి నవ్వి, షేర్వానీ అంచుతో కళ్లు తుడుచుకుని, "చూసినవా, ఇన్నేండ్లు వాడు నా ఇంట్ల తింటనే ఉన్నడు, ఉంగురాలు గూడ మారుస్తాండు" అన్నారు.

ఇన్నేళ్ల నౌకరీలో నేరం ఒప్పుకుంటానని నా ముందుకు వచ్చినవాళ్లు చాలామంది. పోలీసుల్ని బయటికి పంపి, కోర్టు కుండలోని నీళ్లు వాళ్ల చేత్తోనే ముంచుకుని తాగమనేవాణ్ని. ఆలోచించుకోవడానికి చట్టం ఇమ్మన్నదానికంటే ఎక్కువ గడువు ఇచ్చేవాణ్ని. మా బంట్రోతులు చాటున నవ్వుకునేవారు. ఎవరు కొట్టారు, ఎవరు బెదిరించారు అని అడగడం ఏ వకీలైనా నేర్పుతాడు. ఖాదర్ సాబ్ దగ్గర నేను నేర్చుకున్నది ఇంకొక ప్రశ్న. ఇది ఒప్పుకుంటే నీకేం దొరికింది అని అడిగేవాణ్ని. మొదట తెల్లబోయేవారు, తర్వాత చెప్పేవారు. నిద్రపోనిచ్చారని ఒకడన్నాడు. అన్నం పెట్టారని ఒకడన్నాడు. నా కొడుకును విడిచిపెట్టారు అని ఒకావిడ చెప్పింది. ఈ వయసులో కూడా తెల్లవారుజామున గదిలో తిరుగుతూ ఆ ముఖాలన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుంటాను. నీళ్లు తాగాను అన్నవాడు మాత్రం మళ్లీ ఎవడూ రాలేదు.